గడ్డిమడికి పేడ ఎరువు: పశువుకూ మనిషికీ జబ్బు రాకుండా వేయడం ఎలా?

"పాకలో రోజూ పేడ పోగవుతోంది. పక్కనే నేపియర్ గడ్డి మడి ఉంది. ఎత్తి అందులో పోస్తే సరిపోదా?" పాడి రైతులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. పాత రైతులూ అడుగుతారు, కొత్తగా రెండు గేదెలు కొన్నవారూ అడుగుతారు. సరిపోదు అన్నదే నా జవాబు. వరిచేలో పచ్చి పేడ వేస్తే చెడేది పంట ఒక్కటే. గడ్డిమడిలో వేసినది తిరిగి పశువు నోట్లోకే వెళుతుంది. అక్కడి నుంచి దూడకు, పాల గిన్నెకు, పాలు పితికే చేతులకు చేరుతుంది.

ఈ తప్పు నేనూ చేశాను. ఒక వానాకాలం గడ్డి కోసిన మడిలోకి పచ్చి పేడ నీళ్లలో కలిపి పారించాను. గడ్డి నల్లగా, ఏపుగా వచ్చింది. సంతోషంగా నెలలోపే కోసి దూడలకు కూడా వేశాను. రెండు నెలలు తిరిగేసరికి రెండు పెయ్యదూడలు పారుకోవడం మొదలుపెట్టాయి. వెంట్రుకలు గరుకెక్కాయి, దవడ కింద నీరు దిగింది. పేడ పరీక్ష చేస్తే నిండా పురుగుల గుడ్లు. ఒక పెయ్య దక్కలేదు. ఆ తర్వాత పేడ విషయంలో నా పద్ధతి పూర్తిగా మార్చుకున్నాను. ఇక్కడ చెబుతున్నది ఆ పద్ధతే.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెబుతాను. పేడలో పురుగుల గుడ్లు, ఈ.కోలి, సాల్మొనెల్లా లాంటి బాక్టీరియా, దూడలను పారించే కాక్సిడియా, కలుపు విత్తనాలు ఉంటాయి. వేడి వీటిలో చాలావాటిని చంపుతుంది. మిగిలినవాటిని ఎండ, గడువు బలహీనపరుస్తాయి. ఈ మూడూ అందాకే ఆ గడ్డి పశువు నోటికి వెళ్లాలి.

కావలసినవి

- పేడ, దానికి సగం పరిమాణంలో ఎండు చెత్త. గాడిలో మిగిలిన గడ్డి కాడలు, పాడైన వరిగడ్డి, వేరుశనగ పొట్టు, రాలిన ఆకులు ఏవైనా పనికొస్తాయి. వరి ఊక త్వరగా చివకదు కాబట్టి కొంచెమే కలపండి.
- పార, తట్టలు, మూడడుగుల ఇనుప చువ్వ. పొడవు కాడ ఉన్న కంపోస్టు థర్మామీటర్ దొరికితే మరీ మంచిది.
- కుప్పమీద కప్పడానికి పాత పట్టా. అది కాకుండా, సరిగ్గా మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న చిన్న పట్టా ఒకటి, తూకం వేయడానికి కాటా ఒకటి.
- మోకాళ్ల వరకు వచ్చే రబ్బరు బూట్లు, రబ్బరు చేతి తొడుగులు, ముక్కుకు కట్టుకునే గుడ్డ, సబ్బు.
- ఒక నోటు పుస్తకం. చాలామంది ఇది అవసరం లేదనుకుంటారు. కుప్ప పేర్చిన తేదీ రాసుకోకపోతే కింద చెప్పిన పని సగం వృథా అవుతుంది.

1. కుప్పలోకి రాకూడనివి ముందే వేరు చేయండి

ఈసుకుపోయిన పిండం, మాయ, ఆ నేలమీద తడిసిన గడ్డి ఎట్టి పరిస్థితిలోనూ ఎరువు కుప్పలో పడకూడదు. అది బ్రూసెల్లోసిస్ కావచ్చు. ఆ జబ్బు మనుషులకూ వస్తుంది, నెలల తరబడి జ్వరంతో, కీళ్ల నొప్పులతో పీడిస్తుంది. చేతి తొడుగులు వేసుకుని ఎత్తి, లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చండి. మామూలు ఈతలో పడిన మాయను కూడా పూడ్చడమే మేలు.

పశువు హఠాత్తుగా చనిపోయి ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారితే దొమ్మ రోగమని (ఆంత్రాక్స్) అనుమానించాలి. కళేబరాన్ని కోయవద్దు, ఈడ్చవద్దు. ఆ పాకలోని పేడను కదపకుండా పశువైద్యుణ్ని పిలవండి. దొమ్మ బీజాలు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. కుప్ప వేడికి అవి చావవు.

గాలికుంటు వచ్చిన పశువుల పేడను, మందు వేసిన పశువుల పేడను విడిగా పోయండి. పురుగుల మందుల్లో కొన్ని, ముఖ్యంగా ఐవర్‌మెక్టిన్, పేడలోకి దిగి పేడ ఉండలు దొర్లించే పురుగులను దెబ్బతీస్తాయి. ఆ పురుగులు పేడను మట్టిలోకి లాగి మనకు ఊరికే చాకిరీ చేస్తాయి.

సెప్టిక్ ట్యాంకు మడ్డిని గడ్డిమడిలోకి ఎవరు ఉచితంగా ఇస్తామన్నా తీసుకోవద్దు. మనిషి కడుపులోని బద్దెపురుగు గుడ్లు గడ్డి ద్వారా పశువు కండల్లోకి చేరతాయి.

2. చోటు చూసుకోండి

తాగునీటి బావికి, బోరుకు, చెరువుకు కనీసం వంద అడుగుల దూరంలో, వాన నీరు నిలవని మెరక మీద కుప్ప ఉండాలి. పాలు పితికే చోటికి గాలివాటున పెట్టవద్దు.

కొబ్బరి తోటలున్నవారికి మరో మాట. కోనసీమలో కొబ్బరిని తొలిచే కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది ఇలాంటి ఎరువు దిబ్బల్లోనే. తిప్పినప్పుడల్లా బొటనవేలంత తెల్లటి పురుగులు కనిపిస్తే ఏరి చంపండి. మెటారైజియం అనే శిలీంధ్రపు పొడి దొరికితే చల్లారిన కుప్పలో కలపండి.

3. రెండు కుప్పలు పెట్టండి, ఒక్కటి కాదు

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. రోజుకో నాలుగు తట్టలు పాత దిబ్బమీద విసురుతూ ఏడాది తర్వాత తవ్వి చేలోకి తోలతారు. "ఏడాది మాగిన ఎరువు" అంటారు. అడుగుది మాగుతుంది నిజమే. పైది మాత్రం నిన్నటి పేడ. తవ్వేటప్పుడు రెండూ కలిసిపోతాయి. పైగా రోజుకు కొంచెంగా పడిన పేడలో వేడి పుట్టదు. వేడి పుట్టాలంటే పెద్ద ముద్ద ఒకేసారి పేర్చాలి.

అందుకే రోజువారీ పేడ ఒకచోట పోగు చేయండి. గేదె రోజుకు పదిహేను నుంచి ఇరవై కిలోల పేడ వేస్తుంది. ఐదు గేదెలుంటే పది, పన్నెండు రోజుల్లో టన్ను దాకా పోగవుతుంది. అది పోగయ్యాక రెండో చోట కుప్ప పేరుస్తాం.

కింద జానెడు మందాన ఎండు కాడలు పరవండి, గాలి ఆడటానికి. దానిమీద రెండు తట్టల పేడకు ఒక తట్ట ఎండు చెత్త చొప్పున పొరలు పొరలుగా వేయండి. వానాకాలం పేడ పలచగా ఉంటే సగానికి సగం వేయండి. కుప్ప ఐదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉండాలి. పొడవు పేడ ఎంతుంటే అంత. మూడడుగుల కంటే తక్కువ ఎత్తు కుప్పలో పుట్టిన వేడి నిలవదు.

తడి చూడటానికి ఒక పిడికెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు బొట్లు కనిపిస్తే సరిపోయింది. ధారగా కారితే చెత్త కలపండి. అసలు తడే కనిపించకపోతే పశువుల మూత్రం లేదా నీళ్లు చల్లండి. సున్నం, బూడిద కలపవద్దు. అవి కలిస్తే నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. కళ్లు మండే ఆ ఘాటు వాసన వస్తోందంటే మీరు కొన్న యూరియా అంత విలువ గాలిలో కలుస్తోందన్నమాట.

డీకంపోజర్ ద్రావణం చల్లాం కదా, ఇంక వేడి ఎందుకు అని అడుగుతారు. ఆ ద్రావణం చివకడానికి తోడ్పడుతుంది. పురుగుల గుడ్లను చంపేది మాత్రం వేడే.

4. వేడి చూడండి, తిప్పండి

కుప్ప వేసిన మూడో రోజు లేదా నాలుగో రోజు ఇనుప చువ్వను రెండడుగుల లోపలికి గుచ్చి ఐదు నిమిషాలు ఉంచండి. లాగి, కొన పట్టుకోండి. రెండు క్షణాల కంటే పట్టుకోలేకపోతే లోపల వేడి సుమారుగా సరిపోయినట్టే. గోరువెచ్చగా ఉంటే సరిపోలేదు. థర్మామీటర్ ఉంటే 55 డిగ్రీలు దాటాలి. 70 దాటితే కుప్పకు పనిచేసే మంచి సూక్ష్మజీవులు కూడా చస్తాయి. వెంటనే తిప్పండి.

బయట కుప్పలకు సాధారణంగా వాడే లెక్క ఇది: 55 డిగ్రీలకు పైన కనీసం 15 రోజులు, ఆ రోజుల్లో కనీసం ఐదుసార్లు తిప్పడం. తిప్పడం ఎందుకంటే వేడి నడిమధ్యనే ఉంటుంది, అంచుల్లో ఉండదు. అంచున ఉన్న గుడ్లు హాయిగా బతుకుతాయి. అందుకని బయటిది లోపలికి, లోపలిది బయటికి వచ్చేలా తిప్పాలి. ఊరికే పైపైన కెలికితే తిప్పినట్టు కాదు. పక్కనే ఖాళీ చోటు ఉంచుకుని కుప్పను అటు మార్చడం తేలిక పద్ధతి.

చలికాలపు తెల్లవారుజామున ఒకసారి తిప్పి చూడండి. పార దిగగానే గుప్పున ఆవిరి లేస్తుంది. లోపల బూడిద చల్లినట్టు తెల్లటి పొర కనిపిస్తుంది. చాలామంది బూజు పట్టి పాడయిందనుకుని భయపడతారు. వేడిని తట్టుకునే సూక్ష్మజీవుల పొర అది. కుప్ప సరిగ్గా పనిచేస్తోందని చెప్పే మంచి గుర్తు. నల్లగా, జిగటగా, కుళ్లిన గుడ్డు వాసనతో ఉంటే గాలి ఆడటం లేదని అర్థం. ఎండు చెత్త కలిపి తిప్పండి.

వేడి రాకపోతే వరుసగా చూసుకోవలసినవి మూడు. తడి ఎక్కువైందా? కుప్ప చిన్నదైందా? చెత్త మరీ ఎక్కువై పేడ తగ్గిందా? నా అనుభవంలో పదింట ఎనిమిదిసార్లు తడే కారణం. వానాకాలం పట్టా కప్పకపోవడమే దానికి మూలం.

5. చల్లారాక మాగనివ్వండి

తిప్పినా వేడి పుట్టని దశ వచ్చాక కుప్పను కప్పి, కనీసం రెండు నెలలు కదపకుండా ఉంచండి. ఈ కుప్పమీద కొత్త పేడ ఒక్క తట్ట కూడా పడకూడదు. ఒక్క తట్ట పడినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఒక కర్రకు తేదీ రాసిన రేకు కట్టి కుప్పలో గుచ్చితే ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

తిప్పే ఓపిక లేనివారికి ప్రత్యామ్నాయం గుంట పద్ధతి. ఇరవై నుంచి ఇరవై ఐదు అడుగుల పొడవు, ఐదారు అడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గుంటను ఒక చివర నుంచి నింపుకుంటూ వెళ్లాలి. నిండిన భాగాన్ని నేల మట్టానికి అడుగున్నర పైకి గుమ్మటంలా చేసి పేడ మట్టితో అలికేయాలి. నాలుగైదు నెలలకు ఎరువు తయారవుతుంది. నత్రజని బాగా నిలుస్తుంది. వేడి మాత్రం అంతటా సమంగా రాదు. కాబట్టి గుంట ఎరువును దున్నే నేలలోనే వేయండి. నిలిచి ఉన్న గడ్డిమీద, దూడలు మేసే బీడులో వేయవద్దు.

6. మాగిందో లేదో పరీక్షించండి

కంటికి నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసనతో ఉండాలి. పేడ ముద్ద, గడ్డి కాడ ఆనవాలు కనిపించకూడదు. అది ఒక్కటే చాలదు.

ఒక గుప్పెడు ఎరువును తడిపి, గాలి చొరని పాలిథిన్ సంచిలో కట్టి మూడు రోజులు నీడలో ఉంచండి. విప్పగానే దుర్వాసన కొడితే ఇంకా మాగలేదు. మట్టి వాసన వస్తే మాగింది.

రెండోది మొలక పరీక్ష. ఎరువు, మట్టి సగంసగం కలిపి ఒక కుండీలో, ఉత్త మట్టి మరో కుండీలో పోసి చెరో ఇరవై మెంతి గింజలు వేయండి. వారంలో రెండింటిలో మొలకలు ఇంచుమించు సమానంగా రావాలి. ఎరువు కుండీలో సగమే మొలిచినా, మొలిచినవి పచ్చబడినా ఇంకో నెల ఆగండి. గింజలు వేయని మూడో కుండీలో ఎరువు ఒక్కటే పోసి తడుపుతూ ఉంటే కలుపు విత్తనాల సంగతి బయటపడుతుంది. సర్కారు తుమ్మ కాయలు తిన్న గొర్రెలు, మేకల ఎరువైతే ఈ మూడో కుండీ తప్పనిసరి. వేడి పుట్టని గొర్రెల ఎరువు తోలి, బీడు నిండా సర్కారు తుమ్మ మొలిపించుకున్నవారిని చూశాను.

7. ఎంత వేయాలో లెక్కగట్టండి

కొత్తగా నేపియర్, గినీ గడ్డి నాటే నేలకు ఎకరాకు పది టన్నుల మాగిన ఎరువు ఆఖరి దుక్కిలో వేసి కలియదున్నాలి. అంటే సెంటుకు వంద కిలోలు, గుంట నేలకు రెండువందల యాభై. ఇరవై కిలోలు పట్టే తట్టతో సెంటుకు ఐదు తట్టలు.

నిలిచి ఉన్న మడికి ఏటా అదే పరిమాణాన్ని మూడు విడతలుగా పంచండి. ప్రతి విడత కోత అయిన వెంటనే వేయాలి. పశువులు నేరుగా మేసే బీడుకు ఏడాదికి మూడు నాలుగు టన్నులు చాలు. అంతకు మించితే ఆకు మురికిపట్టి పశువు ముట్టదు. లూసర్న్, దశరథ గడ్డి, బొబ్బర లాంటి పప్పుజాతి మేతలకు నాటే ముందు వేసినది చాలు. పైపాటుగా వేయనక్కరలేదు.

పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతం. పది టన్నుల్లో యాభై కిలోలు ఉంటుంది, మొదటి ఏడు మొక్కకు అందేది అందులో కొంత భాగమే. కోళ్ల ఎరువు అలా కాదు. అందులో దాదాపు మూడు శాతం నత్రజని ఉంటుంది, అదీ త్వరగా అందుతుంది. టన్ను కోళ్ల ఎరువు ఒకటిన్నర యూరియా బస్తాకు దగ్గర. దాన్ని పశువుల ఎరువులా పదేసి టన్నులు తోలితే గడ్డిలో పశువుకు విషమయ్యే నైట్రేట్ పేరుకుంటుంది. ఎకరాకు టన్ను, టన్నున్నర దాటవద్దు. పేడ ఎరువు వేసిన మడికి యూరియా కూడా వేయాలనుకుంటే మట్టి పరీక్ష చేయించి ఆ మేరకు తగ్గించండి.

8. చల్లడం

కోత అయిన రెండు మూడు రోజుల్లో, పిలకలు లేవకముందే, వరుసల మధ్య మొదళ్ల చుట్టూ చల్లండి. ఆకుమీద పడకూడదు. చల్లిన రోజే మట్టిలో కలపండి, లేదా తడి కట్టండి. ట్రక్కు నుంచి కుప్పలు కుప్పలుగా దించి వారాల తరబడి ఎండబెట్టడం మన ఊళ్లలో రోజూ చూసే దృశ్యం. అలా ఉంచితే నత్రజని ఎగిరిపోతుంది. కుప్ప పడిన చోట గడ్డి మాడిపోయి, పక్కన పసుపు రంగులో ఎండుగా ఉంటుంది.

భారీ వాన వస్తుందన్న రోజు చల్లవద్దు. ఎరువు కొట్టుకుపోయి చెరువులో, మీ పశువులు తాగే కుంటలో చేరుతుంది. కాలువలకు, బోరుకు ముప్పై అడుగుల పట్టీ ఎరువు లేకుండా వదలండి. ఎప్పుడూ నీళ్లు నిలిచి నత్తలు తిరిగే పల్లపు మడిలో పేడ అసలు వేయవద్దు. కార్జపు జలగ (పశువు కాలేయంలో పెరిగే పురుగు) గుడ్లు నీళ్లలోనే పగిలి, నత్తలో పెరిగి, గడ్డికి అంటుకుంటాయి. డెల్టా కాలువగట్ల గడ్డి మేసే గేదెల్లో కార్జపు జలగ అంత ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. పేడ పడని చోట ఆ చక్రం తెగుతుంది.

సమంగా పడిందా చూడటానికి మీటరు పట్టాను మడిలో మూడు నాలుగు చోట్ల పరిచి, దానిమీద పడినదాన్ని తూయండి. ఎకరాకు పది టన్నులైతే పట్టామీద రెండున్నర కిలోలు ఉండాలి. మూడో వంతు విడతైతే ఎనిమిది వందల గ్రాములు.

9. గడువు పాటించండి

మాగిన ఎరువు వేసిన నేపియర్‌ను తర్వాతి కోతకే కోయాలి, అంటే నలభై, నలభై ఐదు రోజులకు. ముందు కోయవద్దు. పశువులు నేరుగా మేసే బీడైతే కనీసం నెల రోజులు ఆగాలి, ఆ మధ్య ఒకటి రెండు మంచి వానలు పడి ఎరువు కిందికి దిగాలి. ఆకుమీద ఎరువు కనిపిస్తుంటే నెల దాటినా తోలవద్దు.

పచ్చి పేడ తప్పనిసరిగా వాడవలసివస్తే ఒకే ఒక్క దారి: నాటడానికి ముందు ఖాళీ నేలలో వేసి వెంటనే దున్నడం. మొదటి కోత డెబ్బై ఐదు రోజులకు వస్తుంది కాబట్టి గడువు దానంతట అదే దొరుకుతుంది. నిలిచి ఉన్న గడ్డిమీద పచ్చి పేడ వద్దే వద్దు.

దూడలకు నియమం మరింత గట్టిది. పెద్ద పశువుల ఎరువు వేసిన బీడులోకి ఆ ఏడాది ఆరు నెలల లోపు దూడలను తోలకండి. పెద్ద పశువును ఏమీ చేయని జబ్బులు దూడను దెబ్బతీస్తాయి. జాన్స్ వ్యాధి క్రిమి పేడ ద్వారా దూడకు అంటుతుంది, ఏడాదికి పైగా నేలలో బతకగలదు, జబ్బు మాత్రం ఏళ్ల తర్వాత ఎముకలు తేలిన ఆవులో కనిపిస్తుంది. దూడల పాకలోని పేడను విడి కుప్పగా పెట్టి మరింత జాగ్రత్తగా వేడెక్కించండి. ఏలికపాము గుడ్లు దాంట్లోనే ఎక్కువ.

10. కోసేటప్పుడు, మేపేటప్పుడు

పురుగు పిల్లలు మంచు తడిలో ఆకు వెంట పైకి పాకుతాయి. ఎక్కువ భాగం మొదటి రెండు మూడు అంగుళాల్లోనే ఉంటాయి. అందుకని మంచు ఆరాక, నేల నుంచి నాలుగు అంగుళాలు వదిలి కోయండి. పొద్దున్నే ఆరు గంటలకు తడిగడ్డి కోసి దూడ ముందు వేయడం కంటే తొమ్మిదింటికి కోసి వేయడం మేలు. నైట్రేట్ కూడా కాడ అడుగు భాగంలోనే ఎక్కువ. కాబట్టి ఈ అలవాటు రెండు విధాలా రక్షిస్తుంది.

మేతబీడులో పడి ఉన్న పేడ ముద్దలను ఎండాకాలం మండుటెండల్లో పగలగొట్టి చెదరగొట్టండి. ఎండకు పురుగు పిల్లలు చస్తాయి. వానాకాలం అదే పని చేస్తే బీడంతా పురుగులు చల్లినట్టే. ఒకే పనికి కాలాన్ని బట్టి ఫలితం ఇలా తిరగబడుతుంది.

గొర్రెల మంద, కోళ్ల ఎరువు, గోబర్ గ్యాస్ స్లర్రీ

రాయలసీమలో, తెలంగాణలో చేలల్లో మంద కట్టించుకోవడం మంచి ఆచారం. మేత నేలలో మంద కడితే మాత్రం ఆ నేలలోకి రెండు నెలల పాటు గొర్రెలను, మేకలను తోలవద్దు. గడ్డిని ముందు పెద్ద పశువుల చేత మేపండి.

కోళ్ల ఎరువు అనపర్తి, తణుకు వైపు లారీల కొద్దీ దొరుకుతుంది. అందులో చచ్చిన కోడి ముక్క ఒక్కటి ఉన్నా బోటులిజం వచ్చి పశువులు కాళ్లు పడిపోయి చనిపోతాయి. ఈకలు, ఎముకలు కనిపించే లోడును వెనక్కి పంపండి. కోళ్ల దాణాలోని రాగి ఎరువులోకి దిగుతుంది. గొర్రె కాలేయం రాగిని సరిగా బయటికి పంపలేదు. గొర్రెలు మేసే బీడులో కోళ్ల ఎరువు వేయవద్దు.

గోబర్ గ్యాస్ స్లర్రీ (ప్లాంటు నుంచి బయటికొచ్చే పలచటి పేడ) అంటే మాగిన ఎరువే అనుకుంటారు. మన ఇళ్ల ప్లాంట్లలో వేడి మామూలు వాతావరణపు వేడే. క్రిములు తగ్గుతాయి, అన్నీ చావవు. దాన్ని ఎండు చెత్తమీద పోసి కుప్పలో వేడెక్కించడం ఉత్తమం. ద్రవంగానే వాడాలంటే కోసిన వెంటనే వరుసల మధ్య కాలువలో పారించి, పూర్తి కోత గడువు పాటించండి.

మీ ఒంటి సంగతి

కాలికి, చేతికి గాయం ఉంటే ఆ రోజు పేడ పని మరొకరికి అప్పగించండి. పేడలో ధనుర్వాతం బీజాలు ఉంటాయి. టీకా వేయించుకుని పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోండి. ఎండు ఎరువు చల్లేటప్పుడు దుమ్ము పీల్చకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోండి. గర్భిణులను, చిన్నపిల్లలను ఈ పనికి దూరంగా ఉంచండి. పేడ ముట్టిన చేతులతో పాలు పితకవద్దు. పొదుగువాపుకు అది రాచబాట. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాకే పొదుగు ముట్టండి. పచ్చి పాలు పిల్లలకు ఇవ్వవద్దు, కాచే ఇవ్వండి.

స్లర్రీ గుంట, మూతపెట్టిన పేడ ట్యాంకు ఉన్నవారు ఈ పేరా ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. కెలికినప్పుడు అందులోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడుతుంది. మొదట కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసన పట్టడం మానేస్తుంది. వాసన పోయిందని దిగితే రెండు మూడు శ్వాసల్లో కూలిపోతారు. పడినవారిని కాపాడటానికి వెనకాలే దిగినవారు కూడా అలాగే పోతారు. ఎవరూ దిగకండి. మూత తీసి దూరం జరిగి అగ్నిమాపక సిబ్బందిని పిలవండి.

ఫలితం సరిగ్గా ఉందా?

ఎరువు వేసిన రెండు నెలలకు, మళ్లీ వానాకాలం చివర, పశువుల పేడ పరీక్ష చేయించండి. ఉదయం వేసిన తాజా పేడ నడిమధ్య నుంచి గుప్పెడు, నేలకు తగలని భాగం, చిన్న కవరులో కట్టి అదే పూట పశువుల ఆసుపత్రికి పట్టుకెళ్లండి. దూడలవి, పెద్దవాటివి విడివిడిగా, పేరు రాసి ఇవ్వండి. గుడ్ల సంఖ్య క్రితంసారి కంటే పెరిగితే మీ కుప్ప వేడెక్కలేదనో, గడువు దాటకుండా కోశారనో లెక్క. పుస్తకంలో తేదీలు చూసుకుంటే ఎక్కడ తప్పిందో దొరుకుతుంది. పురుగు మందు ఏది, ఎంత అన్నది వైద్యుడే చెప్పాలి. చూడి పశువులకు కొన్ని మందులు పనికిరావు.

గడ్డి కూడా చెబుతుంది. వేసిన రెండు వారాలకు పసుపు రంగుకు తిరిగితే చివకని చెత్త నత్రజనిని పట్టేసుకుందన్నమాట. మరీ నల్లటి పచ్చగా, మెత్తగా పెరిగి వాలిపోతే నత్రజని ఎక్కువైంది. అలాంటి గడ్డిని, అందులోనూ వాన లేక వాడి మళ్లీ తేరుకున్న జొన్నను, నేపియర్‌ను ఆకలితో ఉన్న పశువుకు ఒక్కసారిగా వేయవద్దు. ముందు వరిగడ్డి వేసి, తర్వాత కొంచెం కొంచెంగా కలపండి. లేత జొన్నకు నాము (సైనైడ్ విషం) భయం కూడా ఉంటుంది కాబట్టి పూత దశకు రానిదే కోయకండి.

గడ్డి మేసిన కొద్ది గంటల్లో పశువు ఎగశ్వాస తీస్తూ, వణుకుతూ, తూలుతూ ఉంటే కనురెప్ప లోపలి పొర, చిగుళ్లు చూడండి. గోధుమ రంగుకు తిరిగితే నైట్రేట్, బాగా ఎర్రగా ఉంటే నాము అని అనుమానించాలి. రెండింటికీ విరుగుడు ఇంజెక్షన్లు వేరు, రెండింటిలోనూ ఆలస్యం పనికిరాదు. గాడిలోని గడ్డి వెంటనే తీసేసి, పశువును పరిగెత్తించకుండా నీడన నిలిపి పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోను చేయండి. వైద్యుడికి ముందుగా చెప్పవలసినవి మూడు: ఏ గడ్డి వేశారు, ఆ మడికి ఏ ఎరువు ఎప్పుడు వేశారు, మేసి ఎంతసేపైంది.